అందరికీ పద్నాలుగే

మా ఆసుపత్రిలో ఆరో గది వరండాకి చిట్టచివర ఉంటుంది. దాని పక్క గది ఖాళీగానే ఉన్నా అందులో కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోరు. ఆరో గదిలో జనం దగ్గి ఉమ్మిన తెమడ పరీక్ష చేస్తారు మరి. చేసేది అక్క. నా తోడబుట్టింది కాదు, ఆసుపత్రి మొత్తానికీ ఆవిడ అక్కే. వెనకాల మాత్రం "తెమడక్క" అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "అననీ, లేని పని అంటగట్టారా ఏమన్నానా" అంటుంది.

నేను చీటీలు రాసేవాణ్ణి. గేటు దాటగానే మొదటి కిటికీ నాదే. పేరు, వయసు, ఏం బాధ, ఏ గదికి వెళ్ళాలి. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. రోజూ మూడొందల మంది ఆ చిన్న కిటికీలో తలకాయలు దూర్చి ఒకేసారి మాట్లాడితే, కోపం ఎక్కడినుంచి పుట్టుకొస్తుందో అనేవాళ్ళకి తెలుస్తుంది.

తన దగ్గరికి దగ్గుతూ వచ్చినవాణ్ణి అక్క ముందు ఒకటే అడిగేది: "ఎన్నాళ్ళనుంచి?" రెండు వారాలు దాటిందంటే చేతిలో మూతడబ్బా పెట్టి పెరట్లో రేకుల పందిరి కిందికి తోలేది. గాలాడే చోట దగ్గాలి, గదిలో కాదు. చాలామంది నోట్లో ఊరిన ఉమ్మి నింపుకొచ్చేవాళ్ళు. "ఇది ఉమ్మిరా నాయనా, దీంతో కవర్లు అంటించుకో. నాకు లోపలినుంచి రావాలి" అని, నడుం మీద చేతులు పెట్టుకుని, మూడుసార్లు నిండా ఊపిరి పీల్చి, నాలుగోసారి తనే దగ్గి చూపించేది. ఆ దగ్గుకి నా కిటికీ రెక్కలు అదిరేవి. కొత్తగా చేరిన డాక్టరమ్మ ఒకావిడ అది విని పరుగెత్తుకొచ్చి "ముందీవిణ్ణి మంచం ఎక్కించండి" అని కేకలేసింది. ఆ ముక్క తలుచుకుని మేం నెలరోజులు నవ్వుకున్నాం.

తెచ్చిన తెమడని గాజుపలక మీద పల్చగా పూసి, ఎర్రరంగు పోసి, కింద మంట చూపించి, కడిగి, నీలిరంగు పోసి, ఆరాక మైక్రోస్కోపు కింద పెట్టేది. నీలం మీద సన్నటి ఎర్ర గీతలు కనబడితే టీబీ. ఒకసారి నన్నూ చూడమంది. చూశాను, ఏమీ కనబడలేదు. "నీకు వరసలో నించున్న మనుషులే కనబడరు, ఇవేం కనబడతాయి" అంది.

జనాన్ని ఉద్ధరిద్దామని ఆ పనిలోకి వచ్చానని ఆవిడ ఎప్పుడూ చెప్పుకోలేదు. "ఎవరూ రామన్నారు కాబట్టి నాకు దొరికింది" అనేది. చేరిన మూడో ఏడు ఆవిడకే అంటుకుంది. ఆరు నెలలు మందు మింగింది. ఇంట్లో అత్తగారు ఆవిడ కంచం, గ్లాసు విడిగా పెట్టేసింది. జబ్బు తగ్గిపోయాక కూడా అవి మళ్ళీ తక్కిన గిన్నెల్లో కలవలేదు. వాళ్ళాయన టైర్లకి పంక్చర్లు వేస్తాడు, నోట్లో నాలుక లేని మనిషి. తల్లిని ఒక్క మాటా అనలేదు గానీ, ఆ రోజునుంచి తనూ ఆ విడి కంచంలోనే తినడం మొదలుపెట్టాడట. "మా ఆయనకి మాట్లాడటం రాదు తమ్ముడూ, తినడం మటుకు బాగా వచ్చు" అని చెప్పి నవ్వేది, కళ్ళు తుడుచుకునేది.

అలా ఉండగా మహమ్మారి వచ్చిపడింది.

గేటు బయట గుడారం వేశారు. దగ్గు, జ్వరం ఉన్నవాళ్ళెవరూ లోపలికి అడుగు పెట్టకూడదు. గుడారంలో ముక్కులో పుల్ల పెట్టించుకుని అటునుంచి అటే పోవాలి. టీబీ పరీక్షకని ఏడాది కిందటే ఆరో గదికి వచ్చిన కొత్త యంత్రాన్ని కొత్త జబ్బుకి పట్టుకుపోయారు. ఇంటింటికీ వెళ్ళి టీబీ మందులు మింగించి వచ్చేవాళ్ళని సందుల దగ్గర కాపలాకి పంపారు. ఆరో గది సామాన్ల కొట్టయింది. పాత మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పి మూలకి నెట్టారు; మందు మధ్యలో ఉన్నవాళ్ళవి రోజుకి మూడో నాలుగో పలకలు చూడ్డానికే అక్క ఆ గుడ్డ తీసేది. అక్కని పుల్లల పెట్టెలు సర్దే పనిలో వేశారు, నన్ను గుడారంలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. అది తప్పని నేననను. పెద్ద డాక్టరుగారు పదకొండు రోజులు ఇంటి మొహం చూడలేదు. మాలో ఇద్దరు పోయారు కూడా.

అక్క వాళ్ళ అత్తగారికి ఎనభై దాటాయి. "కొత్త రోగాన్ని కొంపకి తెచ్చేవు, నాకు దూరంగా ఉండు" అందట. "ఇరవై ఏళ్ళనుంచి అక్కడే ఉన్నాను కదత్తయ్యా, ఇంకా ఎక్కడికి జరగను?" అందట ఈవిడ.

ఇక నా ఘనకార్యం సంగతి చెప్పాలి.

కంప్యూటరులో ఒక ఫారం ఉంది. అందులో ఏడో గడి "దగ్గు ఎన్ని రోజులనుంచి". ఆ గడి పద్నాలుగు దాటితే ఒప్పుకోదు. పదిహేను కొట్టామా, ఎర్ర అక్షరాలు వచ్చి ఫారం మొరాయిస్తుంది. కొత్త జబ్బు సంగతి పద్నాలుగు రోజుల్లో అటో ఇటో తేలిపోతుంది కదా, అంతకు మించి చెప్పేవాడెవడని దాన్ని తయారుచేసినవాళ్ళు అనుకుని ఉంటారు. మరి నెలనుంచి దగ్గుతున్నానంటూ వచ్చినవాణ్ణి నేనేం చెయ్యాలి? ఎండలో రెండొందల మంది వరస కట్టి ఉన్నారు. నన్ను తిట్టే ముందు ఒక్కసారి ఆ వరస తలుచుకోండి. పద్నాలుగు కొట్టాను, ఫారం కదిలింది. ఇక అంతే. నెలయినా పద్నాలుగే, మూడు నెలలైనా పద్నాలుగే. పక్క కుర్చీలో అతనికి ఈ కిటుకు నేర్పింది కూడా నేనే. కొత్త జబ్బు లేదని తేలినవాళ్ళకి చీటీ మీద ముద్ర కొట్టి "ఏమీ లేదు, వెళ్ళు" అనేవాణ్ణి. ఆ మాటతో వాళ్ళ ప్రాణం లేచొచ్చేది. రోజంతా అరిచిన నోటితో ఒక మంచి మాట అన్నానని నాకూ తృప్తిగా ఉండేది.

నాలుగు నెలలకి ఒక సమావేశం పెట్టారు. పెద్ద డాక్టరుగారు గోడ మీద గీత చూపించి, టీబీ కేసులు సగానికి పైగా పడిపోయాయని, అందరూ మూతికి గుడ్డ కట్టుకోవడమే దానికి కారణమని చెప్పారు. చప్పట్లు కొట్టాం. అక్క లేచి నించుంది.

"పడిపోయింది జబ్బు కాదండీ, నా గదికి వచ్చే జనం. దగ్గేవాళ్ళందర్నీ గేటు దగ్గరే ఆపేస్తుంటే నా దగ్గరికి ఎవరొస్తారు?"

"అమ్మా, ఇల్లు తగలబడుతుంటే కుళాయి కారుతోందని వచ్చావా?" అని ఆయన విసుక్కున్నారు. వెనకనుంచి ఎవరో "కందకు లేని దురద కత్తిపీటకెందుకో" అన్నారు. నలుగురూ నవ్వారు. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను. అక్క మొహం కందిపోయింది, కూర్చుండిపోయింది.

తరవాతి వారం ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. చంకలో ఆర్నెల్ల ఆడపిల్ల. ఏం పని చేస్తావంటే "చొక్కాలకి గుండీలు కుడతానండీ" అంది. రావడం అది మూడోసారి. పాత చీటీలు రెండూ మడతపెట్టి సంచిలో దాచుకుంది.

"దగ్గు ఇంకా తగ్గలేదండీ."

"ఎన్ని రోజులు?"

"రెండున్నర నెలలు దాటిందండీ."

పద్నాలుగు కొట్టాను. పుల్ల పెట్టారు, కొత్త జబ్బు లేదని వచ్చింది. "చూడమ్మా, ఒకసారి కాదు, మూడుసార్లు చూశాం. నీకేమీ లేదు. చంటిదాన్నేసుకుని మాటిమాటికీ ఈ జనంలోకి రాకు" అని గదమాయించాను. మంచే చెప్పాననుకున్నాను. ఆ అమ్మాయి పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టుకుని, నాకో దండం పెట్టి వెళ్ళిపోయింది.

రోడ్డు అవతలికి చేరాక దగ్గిందేమో, నాకు వినబడలేదు. అక్కకి వినబడింది. చేతిలో పెట్టెలు నేలమీద పడేసి గుడారంలోకి వచ్చింది.

"ఎవరా దగ్గింది? ఎన్నాళ్ళనుంచట?"

"పద్నాలుగు రోజులు" అన్నాను, కంప్యూటరు తెర చూసి.

"పద్నాలుగు రోజుల దగ్గు అలా ఉండదు. తెర ఏమందని కాదు నేనడిగింది. ఆ పిల్ల ఏమంది?"

"రెండున్నర నెలలంది."

"మరి పద్నాలుగేమిట్రా?"

చెప్పాను. గడి సంగతి, ఎర్ర అక్షరాల సంగతి, నా కిటుకు సంగతి అంతా చెప్పాను. ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. ఇలా ఎంతమందికి రాశావో తియ్యమంది. తీశాను. పన్నెండు రోజులని నలుగురున్నారు. పదమూడని ఇద్దరున్నారు. పద్నాలుగని మాత్రం మూడొందల పన్నెండు మంది ఉన్నారు.

"నా జనం ఏమైపోయారా అని నాలుగు నెలలనుంచి చూస్తున్నాను. ఇక్కడున్నారా" అంది అక్క.

నేను గేటు బయటికి పరుగెత్తాను. గుండీల అమ్మాయి ఎక్కడా లేదు. తిరిగొచ్చేసరికి అక్క ఆ అమ్మాయి ఫారమే చూస్తోంది. "పెద్దవాళ్ళకైతే ఈ జబ్బు నెలల తరబడి నానుస్తుంది తమ్ముడూ. పసిపిల్లలకి అంత గడువివ్వదు. మెదడుకి ఎక్కిందంటే వారాల్లో కథ ముగిసిపోతుంది. ఆ తల్లి దగ్గుతున్నది పిల్ల మొహం మీదే. ముందు వీళ్ళు దొరకాలి" అంది. ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ ఎదురు తిట్టి కాస్త తేలికపడేవాణ్ణి.

ఫారంలో ఉన్న నంబరుకి ఫోను చేస్తే ఆ నంబరు వాడుకలో లేదంది. చిరునామా గడిలో "కుట్టు ఫ్యాక్టరీ వెనక" అని ఉంది. రాసింది నేనే. ఫ్యాక్టరీ వెనక ఎనిమిది సందులున్నాయి.

ఆ జాబితా అచ్చు తీయించి అక్క తిన్నగా పెద్ద డాక్టరుగారి బల్ల మీద పెట్టింది. ఆయన చాలాసేపు చూశారు.

"ఈ పద్నాలుగులన్నీ ఎవరు రాశారు?"

"సగం పైన నేనేనండీ. తక్కినవి నేను నేర్పితే రాసినవి" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి మొహం రుద్దుకున్నారు. "ఆ రోజు నువ్వు చెప్పావమ్మా. వినే ఓపిక నాకే లేకపోయింది. ఫారం మార్చమని ఉత్తరం రాస్తాను. వాళ్ళు మార్చేదాకా కూర్చుంటే మన జుట్టు నెరుస్తుంది. నీకేం కావాలో చెప్పు."

"గుడారం పని రెండింటికి అయిపోతుంది. రెండునుంచి నాలుగు దాకా నా మైక్రోస్కోపు, నా పందిరి నాకివ్వండి. వీణ్ణి కూడా ఇవ్వండి."

"వీడెందుకు?"

"వచ్చినవాళ్ళని వెళ్ళగొట్టింది వీడే కదండీ. వీడే పిలవాలి."

మర్నాటినుంచి మధ్యాహ్నాలు ఫోన్లు, నాలుగు దాటాక నా స్కూటరు మీద సందులు. ఫోన్ల ముచ్చట చెప్తే నవ్వుతారు. ఆసుపత్రినుంచి అనగానే సగం మంది పెట్టేసేవాళ్ళు. ఒకావిడ "మేం ఇల్లు ఖాళీ చేశాం" అని ఆ ఇంట్లోంచే చెప్పింది. సెలూను నడిపే ఆయన ఒకడైతే "ఆ మనిషి చనిపోయాడండీ" అన్నాడు. అన్నాక ఆపుకోలేక దగ్గాడు. "పోయినవాడు ఇంత గట్టిగా దగ్గుతున్నాడేమిటి నాయనా?" అని అక్క ఫోను లాక్కుంది. "భయపడకు. నీది కొత్తది కాదు. పాతదేమోనని నా అనుమానం. టీబీ."

"టీబీయేనా? హమ్మయ్య!" అన్నాడాయన.

అక్క ఫోను చెవినుంచి తీసి దానికేసి చూసింది. ఇరవై మూడేళ్ళ సర్వీసులో ఆ పేరు విని హమ్మయ్య అన్నవాడు లేడు. చెప్పగానే ఏడ్చినవాళ్ళున్నారు, పెళ్ళి చెడుతుందని చీటీ చింపేసినవాళ్ళున్నారు. పాత ఒక రోత, కొత్త ఒక వింత అంటారు. ఆ ఏడాది సామెత తలకిందులైంది. కొత్తదాని పేరు చెబితే జనం వణికిపోతున్నారు, పాతది తెలిసిన చుట్టంలా కనబడుతోంది. సెలూను ఆయన మర్నాడే నడుచుకుంటూ వచ్చి డబ్బాలో దగ్గి ఇచ్చాడు. ఎర్ర గీతలు కనబడ్డాయి. ఆ సాయంత్రమే మందు మొదలుపెట్టాం.

సందుల్లో మాత్రం అయిదు సాయంత్రాలు తిరిగినా గుండీల అమ్మాయి జాడ లేదు. తలుపులన్నీ మూసి ఉండేవి. ఒకరి దగ్గు బయటపడితే బండి వచ్చి మనిషిని ఎక్కించుకుపోతుంది, సందుకి అడ్డంగా తాడు కడతారు, రెండు వారాలు ఎవరూ పనికి పోలేరు. అందుకని దగ్గుని దొంగసొమ్ములా దాచుకునేవాళ్ళు. మూడో సందులో ఇళ్ళ యజమానురాలు ఒకావిడ గుమ్మానికి అడ్డంగా నించుని "మా సందులో ఎవరికీ దగ్గు లేదు. తుమ్మే వాళ్ళు కూడా లేరు" అంది. ఆవిడ అంటుండగానే పైగదిలో ఎవరో మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గారు. నాకు ఒళ్ళు మండింది. "ఆసుపత్రినుంచి వచ్చాం! తలుపు తియ్యండి!" అని అరిచాను. తీసి ఉన్న రెండు తలుపులు కూడా మూసుకున్నాయి.

"జప్తుకొచ్చినట్టు ఆ అరుపేమిట్రా, నోరు ముయ్యి" అంది అక్క.

ఆరో సాయంత్రం మళ్ళీ ఆ సందుకే వెళ్ళాం. ఆవిడ ఈసారి ఏ తలుపూ తట్టలేదు. తిన్నగా కుళాయి దగ్గరికి వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని, మూడుసార్లు ఊపిరి పీల్చి ఒక్క దగ్గు దగ్గింది. ఆ సందులో అంత బాహాటంగా దగ్గిన మనిషిని జనం చూసి ఎన్నాళ్ళయిందో! కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

"ఆఁ, చూశారా? ఇదీ దగ్గంటే!" అంది, అందర్నీ కలయజూసి. "నేను టీబీ పరీక్షలు చేసేదాన్ని. నాకూ వచ్చిందా జబ్బు. ఆరు నెలలు మందు మింగాను, ఇప్పుడు బండరాయిలా ఉన్నాను. బండి రాదు, తాడు కట్టరు, ఎవర్నీ ఎక్కడికీ తీసుకుపోరు. ఇంట్లోనే ఉండి మింగే మందు. గుండీలు కుట్టే అమ్మాయి ఒకత్తుంది, చంకలో ఆర్నెల్ల పిల్ల. ఆ పిల్ల కోసం వచ్చాను. ఇంకెవరికోసమూ కాదు."

తరవాత ఆ యజమానురాలే గుమ్మంలోకి వచ్చింది.

"కొత్తది కాదు కదా?"

"మూడుసార్లు చూశారు. కొత్తది కాదు, పాతదే అయి ఉంటుంది."

"ఒట్టు?"

"మా ఆయన మీదొట్టు. ఆయనొక్కడే ఉన్నాడు నాకు, ఉత్తినే వెయ్యను."

ఆవిడ మెట్లకేసి తలెత్తి గొంతు చించుకుంది. "ఏమే గుండీలూ! దిగవే కిందికి! పాతదేనట!"

ఆ అమ్మాయి పిల్లని ఎత్తుకుని దిగింది. ఆరు రోజుల్లోనే ఇంకా చిక్కిపోయింది. ముందు అక్కని చూసింది, తరవాత నన్ను చూసి గుర్తుపట్టింది. సంచిలోంచి మూడు చీటీలూ తీసి విప్పింది. నా ముద్రలే.

"ఈయనే కదండీ నాకేమీ లేదన్నది? ఇంతకుముందు భయమేసి పిల్లని ఈ ఇంటావిడ దగ్గర పడుకోబెట్టేదాన్నండీ. పాలకి మాత్రం తెచ్చుకునేదాన్ని. మూడోసారి కూడా ఏమీ లేదని ఈయన అంత గట్టిగా చెప్పాక, ఇంక భయమెందుకని నా పక్కలోకి తెచ్చేసుకున్నాను."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నలుగురిలో ఏడవడం నాకు అలవాటు లేదు. అయినా ఏడ్చాను. అక్క నాకేసి చూడకుండా ఆ అమ్మాయి చేతిలో డబ్బా పెట్టింది. "రా తల్లీ, సందు చివర గాలాడుతోంది. నేను చూపిస్తా ఎలా దగ్గాలో."

మర్నాడు పొద్దున్నే, గుడారం పని మొదలవకముందే, ఆ పలక మైక్రోస్కోపు కింద పెట్టింది. ఈసారి నేను కూడా పోల్చుకోగలిగాను. ఎర్ర చీమల బారులా ఉంది. తల్లికి మందు వెంటనే మొదలుపెట్టారు. పిల్ల సంగతి తేలాలి. బరువు కాస్త తక్కువుంది, ఒళ్ళు వెచ్చగా ఉంది. పిల్లల డాక్టరుగారు ఛాతీ ఫోటో తీయించి, పొట్టలోంచి సన్నటి గొట్టంతో నీళ్ళు తీసిచ్చారు. చంటిపిల్లలు ఉమ్మలేరు కదా, తెమడ మింగేస్తారు. ఆ నీళ్ళలో పురుగుందో లేదో చెప్పాలంటే పాత మైక్రోస్కోపు చాలదు, గుడారానికి పోయిన యంత్రం కావాలి. దానికి నాలుగు అరలున్నాయి. నాలుగూ కొత్త జబ్బుకే తిరుగుతున్నాయి.

అక్క వెళ్ళి యంత్రం ముందు నించుంది. "నా గదిలోంచే కదా తెచ్చుకున్నారు. నాలుగింటిలో ఒక్క అర ఇవ్వండి, చాలు" అంది. అక్కడి కుర్రాళ్ళు పెద్ద డాక్టరుగారికి ఫోను చేశారు. "ఇవాళొక్కరోజేనా?" అని ఆయన అడిగారట. "రోజూ" అందీవిడ. ఇచ్చారు.

రెండు గంటలు పట్టింది. ఆ అమ్మాయి పందిరి కింద పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "పాలివ్వొచ్చాండీ?" అని అడిగింది. "ఇవ్వు. మూతికి గుడ్డ కట్టుకుని ఇవ్వు. పాలతో పోదు ఈ జబ్బు, ఊపిరితో పోతుంది" అంది అక్క. నేను అటూ ఇటూ తిరుగుతున్నాను. మొక్కని మొక్కు లేదు. పన్నెండున్నరకి అక్క కాగితం పట్టుకుని వచ్చింది. పిల్లకి జబ్బు పట్టలేదు. ఛాతీ ఫోటో కూడా బాగానే ఉంది. వెచ్చదనం మామూలు జలుబుదట. ఇకముందు పట్టకుండా ఆరు నెలలు మందు పొయ్యాలన్నారు. ఆ అమ్మాయి అక్క చేతులు పట్టుకుని వదల్లేదు.

మూడొందల పన్నెండు మందిలో చివరికి రెండొందల అరవై మంది దొరికారు. ముప్ఫై ఒక్కమందికి టీబీ తేలింది. నలుగురి ఇళ్ళకి మేం వెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. వాళ్ళ పేర్లు నాకు కంఠతా వచ్చు, ఎవరు లేపి అడిగినా చెప్తాను. పెద్ద డాక్టరుగారి ఉత్తరానికి ఎనిమిది నెలలకి జవాబొచ్చింది. ఇప్పుడా గడి తొంభై తొమ్మిది దాకా ఒప్పుకుంటుంది. నూరో రోజు దగ్గేవాణ్ణి ఏం చెయ్యాలో వాళ్ళు చెప్పలేదు. చెప్పక్కర్లేదు, నేను తిన్నగా పందిరి కిందికి పంపుతున్నాను. ఆరో గదిలో సామాన్లు తీసేశారు. రోజుకి మూడో నాలుగో పలకలుండేవి మళ్ళీ ముప్ఫైకి వచ్చాయి. పని పెరిగిందని సంబరపడే మనిషిని నేను అక్కని తప్ప ఇంకెవర్నీ చూడలేదు.

ఆరు నెలల మందు పూర్తయిన రోజు గుండీల అమ్మాయి ఆఖరి పరీక్షకి వచ్చింది. మనిషి నిండుగా తయారైంది. ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచారట. డబ్బాలో తెమడ ఇచ్చి అక్క పక్కన బల్ల మీద కూర్చుంది. పిల్ల నా ఒళ్ళో ఉంది. ఏడాది దాటింది దానికి, ఒకచోట కుదురుగా ఉండదు.

అక్క మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి పలకని కొంచెం కొంచెం జరుపుతూ పెదాలతో ఏదో లెక్క పెట్టుకుంటోంది. అయిదు నిమిషాలైంది, ఏడైంది. నాకు ఓపిక లేకపోయింది.

"ఉందో లేదో చెప్పడానికి ఇంతసేపా అక్కా?"

"ఉందని చెప్పాలంటే ఇంతసేపక్కర్లేదు. లేదని చెప్పాలంటే నూరు చోట్ల చూడాలి. డెబ్బై రెండు దగ్గరున్నాను, మాట్లాడించకు."

పంతొమ్మిదేళ్ళు అదే ఆసుపత్రిలో ఉండి ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది. నేనైతే ఆ అమ్మాయికి మూడుసార్లు, ఒక్కోసారి అర నిమిషంలో చెప్పేశాను.

నూరూ అయ్యాక అక్క వెనక్కి జారగిలబడి కళ్ళు నలుపుకుంది. "నువ్వే చెప్పు తమ్ముడూ, నీ నోటితో చెప్పు" అంది.

"ఏమీ లేదమ్మా" అన్నాను, అలవాటుగా.

ఆ అమ్మాయి నవ్వుతూనే ఉంది గానీ చూపు నా మొహం మీంచి కదల్లేదు. "ఏమీ లేదంటే ఏది లేదండీ?" అంది.

పిల్లని ఒళ్ళో సర్దుకుని మళ్ళీ చెప్పాను. "నీ తెమడలో ఇవాళ టీబీ పురుగు లేదు. నూరు చోట్ల వెతికాం. పిల్లకి టీబీ పట్టలేదు, దాని మందు కూడా అయిపోయింది. తక్కిన జబ్బుల సంగతి చూడలేదు, నాకు తెలీదు. మళ్ళీ దగ్గు వచ్చి రెండు వారాలు దాటితే రా. నువ్వెన్నాళ్ళంటే అన్నాళ్ళూ రాస్తాను."

"అబ్బో, ఇంత పొడుగ్గా చెప్తారా ఇప్పుడు!"

"చెప్పాలి మరి."

ఆ అమ్మాయి సంచి భుజానికి తగిలించుకుని లేచింది. "మందుల గదిలో సంతకం పెట్టి వస్తాను. అందాకా దీన్ని మీరే ఉంచుకోండి" అని, పిల్లని నా దగ్గరే వదిలి వరండాలోకి వెళ్ళింది. వెనక్కి తిరిగి చూడలేదు. పిల్ల నా జేబులో పెన్ను లాక్కుని నోట్లో పెట్టుకుంది.